అంతర్జాలమున వ్రాయువారికి కొన్ని మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన శుభసమయమున నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. ఏ విషయమును గూర్చి మాటాడవలెనని అడిగితిని. మన యువకులలోను, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలలోను పలువురు నేడు అంతర్జాలమున తమ పేరిట బ్లాగులు తెరచి వ్రాయుచున్నారనియు, వారిలో సగము మంది ఆరు నెలలు తిరుగకముందే మానివేయుచున్నారనియు, వారికి పనికివచ్చునట్లు మాటాడుమనియు కార్యదర్శిగారు చెప్పిరి. ఈ సంగతి విని మన పెద్దలొకరు, "గ్రంథాలయ పండుగనాడు పుస్తకముల ముచ్చట విడిచి ఆ ఫోనులోని వ్రాతల ముచ్చట యేల?" అని నన్ను మెత్తగా మందలించిరి. వారికి మొదట సమాధానము చెప్పుకొని పిమ్మట విషయమునకు వచ్చెదను.

తెలంగాణమున తెలుగు కవులు లేరను మాట యొకటి ఒకప్పుడు అచ్చులో వచ్చినది. అది చూచి సురవరం ప్రతాపరెడ్డిగారు కోపగించి ఊరకుండలేదు. గోలకొండ పత్రిక పక్షమున కవుల రచనలను తెప్పించి, కూర్చి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక"ను వెలువరించిరి. లేరన్న మాటకు 354 పేర్లు సమాధానమైనవి. నేడు ఒక ఊరిని గూర్చి తెలిసికొనగోరువాడు గ్రంథాలయమునకు రాడు. జేబులోని ఫోను తీసి వెదకును. అందు కనబడినదే ఉన్నదనియు, కనబడనిది లేదనియు అనుకొనును. మన చెరువును గూర్చి, మన నేతను గూర్చి, మన జాతరను గూర్చి ఎరుగనివాడు వ్రాసిన రెండు పంక్తులే అందుండినచో, ఆ రెండు పంక్తులే మన చరిత్ర యగును. కావున అక్కడ వ్రాయుటయు గ్రంథాలయోద్యమములోని భాగమే యని నా అభిప్రాయము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించినవారు, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును నెలకొల్పినవారు నేడు మన మధ్య నుండినచో ఈ పనికి తప్పక పూనుకొందురని నమ్ముచున్నాను.

ఇక విషయము. క్రొత్తగా వ్రాయ నారంభించినవారు అన్నిటిని గూర్చి వ్రాయబోవుదురు. ఒకనాడు రాజకీయము, మరునాడు సినిమా, ఆ మరునాడు మధుమేహమునకు చిట్కా వైద్యము. ఇవన్నియు వేలమంది వ్రాయుచున్నారు. వారికంటె మనకు హెచ్చుగా తెలిసినదియు లేదు. తనకు మాత్రమే తెలిసిన దేదో, తన చుట్టుపట్ల ఐదారు గ్రామములలో తప్ప మరెక్కడను దొరకని సంగతి యేదో, దానిని పట్టుకొన్నవానికి చదువరులు ఆలస్యముగా వత్తురు గాని నిలుతురు. నేను సమకాలిక సాహిత్యమును గూర్చి ఎంతయో శ్రమపడి వ్రాసిన వ్యాసములను చదివినవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. ఒక సాయంకాలము తోచక, మన చెరువు నీరు ఏ తూమునుండి ఏ వరుసలో ఏ మడికట్టునకు పోవునో, నీరటి ఏ లెక్కన పంచునో, మత్తడి దూకిన తరువాత వాగు ఎటు తిరుగునో వ్రాసి పెట్టితిని. అది నాలుగేండ్లపాటు చదువబడినది. నీటిపారుదల శాస్త్రము చదువుచున్న ఒక విద్యార్థి, ఈ ఊరు విడిచి ముప్పది యేండ్లయిన ఒక కుటుంబమువారు, ఆయకట్టు తగవులో ఉన్న పొరుగూరి రైతు, వీరందరు దానిని వెదకి పట్టుకొని నాకు ఉత్తరములు వ్రాసిరి.

వెదకి పట్టుకొనుట యంటిని. అది జరుగవలెనన్న వ్రాత తెలుగు అక్షరములలో, అక్షరములుగనే ఉండవలెను. ఈ మాట కొంచెము విడమరచి చెప్పెదను. అంతర్జాలమున తెలుగు మొదట తెలుగు లిపిలో లేదు. విదేశములందలి మనవారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు మాటలు కూర్చుకొని ఉత్తర ప్రత్యుత్తరములు నడిపిరి. పిమ్మట పత్రికలు తమ తమ సొంత ఫాంటులు చేయించుకొన్నవి. ఒక పత్రిక ఫాంటు మన యంత్రములో లేనిచో ఆ పుటయంతయు పిచ్చిగీతలుగా కనబడెడిది. 1991లో వెలువడిన యూనికోడు అను ఏర్పాటు ఈ చిక్కును విడదీసినది. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ప్రతి యక్షరమునకు ప్రపంచమంతట ఒకే సంఖ్య. "అ" సంఖ్య 3077, "క" సంఖ్య 3093. ఏ దేశమున ఏ యంత్రము తెరచినను 3093 అనగా "క" యే. ఈ యేర్పాటు యంత్రములన్నింటికి అలవడుటకు మరి కొన్ని సంవత్సరములు పట్టినది. 1998లో "ఈమాట" అను అంతర్జాల పత్రిక ఆరంభమైనది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. అటుపిమ్మట వందలకొలది తెలుగువారు సొంత పుటలు తెరచి వ్రాసిరి.

ఇంత సౌకర్యము కలిగిన తరువాత నేటి యువకులు చేయుచున్న పని చూచిన నాకు నవ్వు వచ్చును. చక్కగా తెలుగున వ్రాసి, దానిని రంగుల బొమ్మపై ఎక్కించి, ఆ బొమ్మను పెట్టుచున్నారు. బొమ్మలోని అక్షరము కంటికి అక్షరమే. వెదకు యంత్రమునకు తరచుగా అది రంగు మరక మాత్రమే. చూపులేనివారు ఫోనుచే చదివించుకొని వినుచున్నారు. వారికిని ఆ బొమ్మ మూగయే. బొమ్మ పెట్టవలసినచో పెట్టుడు. క్రింద అది యేమియో రెండు వాక్యములలో వ్రాయుడు. అట్లే శీర్షిక. "ఆనాటి ముచ్చట" అని పేరు పెట్టినచో ఎవడు వెదకి వచ్చును? ఊరి పేరు, వస్తువు పేరు శీర్షికలో ఉండవలెను. నోటితో చెప్పి వ్రాయించుకొను సౌకర్యమును వాడువారు వ్రాసినదానిని తప్పక మరల చదువవలెను. నేనొకమారు "మత్తడి" అన్నచో యంత్రము "మద్దతు" అని వ్రాసినది. ఆ పుట చదివినవారు మన చెరువు ఎవరికి మద్దతిచ్చినదో తెలియక తికమకపడిరి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది. చెరువును గూర్చి వ్రాసితినంటిని గదా. ఆ వ్యాసము చివర, నా బాల్యమున కట్ట తెగిన సంగతిని చేర్చితిని. ఆ రాత్రి నీరటి తూము తెరువక ఇంట నిద్రించెననియు, తెల్లవారులోపల కట్ట తెగెననియు వ్రాసితిని. నాకు ఈ సంగతి చెప్పినవారు పెద్దలు, గౌరవనీయులు. ఆయన నోట విన్నదానిని మరియొకరి నడుగుట మర్యాద కాదనుకొంటిని. వ్యాసము వెలువడిన పదునెనిమిది మాసములకు పట్నమున ఉద్యోగము చేయుచున్న ఒక యువకుడు నన్ను వెదకికొని మా యింటికి వచ్చెను. కూర్చుండుమనినను కూర్చుండలేదు. "సారూ, మీరు రాసింది మా తాత గురించి. మా తాత ఆ రాత్రి ఇంట్లో లేడు" అనెను.

అతని వెంట మరునాడు ముగ్గురు వృద్ధులను కలిసితిని. వారిలో ఒకరు అతని నాయనమ్మ. జరిగిన దేమన, ఆ యేడు నీరు మరికొంత నిలుపగోరిన కొందరు రైతులు మత్తడిపై రాళ్లు, మట్టి పేర్చి ఎత్తు పెంచిరి. వాన ముదురుచున్నదనియు, ఆ అడ్డు తీసివేయుడనియు నీరటి ఇల్లిల్లు తిరిగి చెప్పెను. ఎవరును రాలేదు. అర్ధరాత్రి తానొక్కడే పోయి రాళ్లు తొలగించుచుండగా కట్ట మరియొకచోట తెగినది. మరునాటినుండి నింద అతనిపై పడినది; ఆ పని వేరొకరికి పోయినది. నాకు కథ చెప్పిన పెద్దమనుష్యులు రాళ్లు పేర్చినవారి బంధువులు. ఆయన కావలెనని అబద్ధమాడిరని నేననను; వారి యింట వారు అట్లే విని పెరిగియుందురు. ఒక్కరి మాట విని వ్రాసిన తప్పు నాది.

నేను మొదట చేసిన పని యేమన, ఆ రాత్రి కూర్చుండి ఆ రెండు వాక్యములను చప్పుడు కాకుండ తుడిచివేసితిని. తప్పు దిద్దితినని సంతోషించితిని. యువకుడు మరల ఫోను చేసెను. "మీరు తీసేశారు సారూ, చూశాను. కాని చదివినవాళ్ల మనసులోనించి ఎట్ల తీస్తారు?" అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయినది. పిమ్మట వ్యాసము తలభాగముననే, తేదీతో, నేను వ్రాసిన తప్పు వాక్యమేదియో, నిజమేదియో, ఎవరెవరి వలన తెలిసికొంటినో వ్రాసి పెట్టితిని. నాయనమ్మగారు చెప్పినదానిని ఆమె మాటలలోనే వేరు పుటగా ప్రకటించితిని. అది చదివి మాతో మాట్లాడుట మానినవారును ఉన్నారు. ఉండనిండు.

కావున వ్రాయువారికి నా విన్నపము. మరణించినవారిని గూర్చి వ్రాయునప్పుడు, ముఖ్యముగా తమ పక్షమున వ్రాయగలవారు లేని పేదలను గూర్చి వ్రాయునప్పుడు, ఇద్దరినైనను అడుగుడు. ఆ ఇద్దరు ఒకే యింటివారు కాకుండ చూచుకొనుడు. తప్పు దొరలినచో తుడువకుడు. తప్పిది, ఒప్పిది అని తేదీతో చూపుడు. అచ్చు పత్రికలవారు మరుసటి సంచికలో సవరణ వేయుట ఎరుగుదురు గదా. అంతర్జాలమున తుడుచుట సులభమగుటచేతనే ఈ నియమము మరింత కావలెను.

ఉత్తరములు వ్రాయు చదువరులను గూర్చి కూడ ఇచ్చటనే చెప్పెదను. తప్పు చూపువానికి ఒక్కదినములో సమాధానమీయుడు. పొగడువానికి వారములోపల ఈయుడు. తిట్టువానికి ఈయనక్కరలేదు. తిట్టు వ్రాతలను మన పుటలో అచ్చువేయనక్కరలేదు కూడ. మన అరుగుపై కూర్చుండి ఇతరులను తిట్టుటకు మనము ఎవరికిని చోటీయము గదా! అయితే మన అభిప్రాయమును ఖండించుట తిట్టు కాదు. ఈ రెంటికి గల తేడా కోపము చల్లారిన మరునాటి ఉదయమున బాగుగ తెలియును.

ఇక మన వ్రాతలు ఎవరి యింట నున్నవి యను ప్రశ్న. ఇది నేను బాధతో నేర్చిన పాఠము గాన కొంత విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు. ఉచితముగా చోటిచ్చు సంస్థలు అనేకములున్నవి. ఉచితమన్న మాట వినగానే మనము సంతోషించి సామాను దింపెదము. ఆ యిల్లు మనది కాదన్న సంగతి మరతుము. 1994లో పుట్టిన జియోసిటీస్ అను సంస్థలో లక్షలకొలది జనులు సొంత పుటలు కట్టుకొనిరి. 1999లో దానిని యాహూ కొనెను. 2009లో మూసివేసెను, జపానులో మాత్రము మరి పదేండ్లు నడిపెను. మన దేశమున పిల్లలందరు చేరిన ఆర్కుట్ 2004లో పుట్టి 2014 సెప్టెంబరు 30న మూతపడెను. గూగుల్ ప్లస్ 2011లో వచ్చి 2019 ఏప్రిలులో పోయెను. ఇవి చిన్న వ్యాపారుల దుకాణములు కావు. లోకములో మిక్కిలి ధనవంతులైనవారివి.

నేనును అట్టి యుచితపు చోటుననే వ్రాయుచుంటిని. దాని పేరు చెప్పనక్కరలేదు. మూసివేయుచున్నామని వారు పంపిన ఉత్తరము నేను తెరచి చూచుట మానుకొన్న పాత చిరునామాకు వచ్చినది. ఒకనాడు పుట తెరువబోయితిని, లేదు. దాదాపు ఐదేండ్లలో వ్రాసిన 140 వ్యాసములు ఒక్క దినమున కంటికి కనబడకుండ పోయినవి. వానిలో నీరటి నాయనమ్మగారి వాఙ్మూలము, నా సవరణ కూడ ఉన్నవి. ఆమె అప్పటికి గతించినది.

ఇక్కడ నన్ను మిక్కిలి కలవరపెట్టిన సంగతి వేరొకటి. నా వ్యాసము మొదట వెలువడినప్పుడు ఎవరో దానిలోని ఆ తప్పు భాగమును మాత్రము తీసి వాట్సాపులో పంపిరి. అది చేతులు మారుచు, మరి రెండు చోట్ల పుటలకెక్కినది. నా సవరణ పోయినది. నా తప్పు మిగిలినది. ఆ యువకుని ముఖమెట్లు చూడగలనని రెండు దినములు నిద్రపోలేదు.

పోయినవానిని ఎట్లు వెదకవలెనో తెలిసినవా రొకరు చెప్పిరి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ధర్మసంస్థ 1996నుండి అంతర్జాల పుటలకు నకళ్లు తీసి దాచుచున్నది. 2001నుండి వానిని వేబ్యాక్ మెషీన్ అను పేర అందరకు చూపుచున్నది. మన పాత పుట చిరునామా నిచ్చినచో, ఏయే దినముల నకళ్లున్నవో చూపును. అందు నావి 43 దొరికినవి. చెరువు వ్యాసము దొరికినది గాని, అది సవరణకు ముందటి నకలు! నాయనమ్మగారి పుట అసలే లేదు.

అప్పుడు ఈ గ్రంథాలయమునకు వచ్చితిని. ఏదో ఆశతో కాదు. పత్రిక చదువుటకే వచ్చితిని. మాటలలో ఈ సంగతి చెప్పగా మన గ్రంథపాలకులు లేచి, లోపలి బీరువానుండి దారముతో కట్టిన ఒక కట్ట తెచ్చి నా ముందు పెట్టిరి. కంటిచూపు తగ్గి ఫోనులో చదువలేని ఒక చందాదారు కోరగా, వారు నా వ్యాసములలో మన గ్రామమునకు సంబంధించినవానిని పెద్ద అక్షరములలో అచ్చు తీసి ఇచ్చుచుండిరట. చదివిన పిమ్మట పారవేయక కట్టకట్టి యుంచిరట. అందు 31 వ్యాసములున్నవి. సవరణ ఉన్నది. నాయనమ్మగారి మాటలు మొదటినుండి చివరివరకు ఉన్నవి. గ్రంథాలయము వలన ఏమి లాభమని అడుగువారికి నేను ఈ కట్టను చూపుచుందును.

అటుపిమ్మట నేను పెట్టుకొన్న ఏర్పాట్లు చెప్పెదను. మొదటిది, సొంత పేరు. అంతర్జాలమున మన పేరిట ఒక చిరునామాను ఏటేట రుసుము చెల్లించి ఉంచుకొనవచ్చును. చోటు ఎవరిదైనను చిరునామా మనదైనచో, ఒక యిల్లు మూతపడినప్పుడు సామాను మరియొక యింటికి మార్చుకొన్నను చదువరులు పాత చిరునామాతోనే మనయొద్దకు రాగలరు. అయితే గడువు తప్పినచో ఆ పేరును మరియొకడు కొనుక్కొనవచ్చును. గడువు తేదీని ఇంటి గోడమీది క్యాలెండరులో వ్రాసికొనుడు. రెండవది, నకళ్లు. నెలకొకమారు వ్యాసములన్నింటిని దింపుకొని ఒక నకలు ఇంటి యంత్రములోను, ఒకటి విడి డిస్కులోను, మరియొకటి వేరొక ఊరిలోని బంధువునొద్దను ఉంచుచున్నాను. ఇల్లు కాలినను, దొంగలు పడినను ఒకటి మిగులును. వేబ్యాక్ మెషీనునకు మన పుట చిరునామానిచ్చి నకలు తీయుమని మనమే కోరవచ్చును. సవరణ చేసిన ప్రతిసారి అట్లు చేయుచున్నాను. ఏడాదికొకమారు ఊరికి సంబంధించినవానిని కాగితముపై అచ్చుతీసి ఇక్కడి బీరువాలో చేర్చుచున్నాను. ఒకసారి ప్రకటించిన పుట చిరునామాను ఎన్నడును మార్చకుడు. ఇతరులు దానిని ఎక్కడెక్కడ వ్రాసికొనిరో మనకు తెలియదు.

ఫేస్‌బుక్కు, వాట్సాపు మొదలగువానిని వాడరాదని నేననను. అవి సంత వంటివి. సంతలో దండోరా వేయవలెను, ఇల్లు కట్టరాదు. అసలు వ్రాతను సొంత చిరునామాలో ఉంచి, క్రొత్తది వ్రాసినప్పుడు సంతలో చాటుడు. అంతకంటె మేలైన దారి యొకటి కలదు. మన వ్రాతలు కోరువారి ఈ-మెయిలు చిరునామాలను వారి అనుమతితో తీసికొని, క్రొత్త వ్యాసము వచ్చినప్పుడు ఉత్తరము పంపుట. వంద చిరునామాలున్న పుస్తకము పదివేల మంది బాటసారులకంటె విలువైనది. ఆ పుస్తకమును ఎవరికిని అమ్మకుడు, ఈయకుడు. వద్దన్నవారి పేరు ఆ దినమే కొట్టివేయుడు.

ఎన్ని దినములకొకమారు వ్రాయవలెనని అడుగుదురు. ఉత్సాహముతో దినమున కొకటి చొప్పున ఆరంభించినవారు రెండవ నెలలో అలసిపోవుట చూచితిని. పక్షమునకొకటి చాలును, కాని ఆ పక్షము తప్పరాదు. ఆరంభించుటకు ముందే ఆరు వ్యాసములు సిద్ధము చేసి పెట్టెలో ఉంచుకొనుడు. ఇంట పెండ్లియో, పొలమున కోతలో వచ్చినప్పుడు అవి ఆదుకొనును. మానవలసి వచ్చినచో ఒక వాక్యమున చెప్పి మానుడు.

ఎంతమంది చూచిరో చూపు అంకెలను గూర్చి ఒక్క మాట. వానిలో మనుష్యులతోపాటు వెదకు యంత్రముల రాకపోకలును కలిసియుండవచ్చును. దినమునకు పదిమార్లు ఆ యంకె చూచువాడు పదకొండవ మారు వ్రాయుటకు కూర్చుండడు. ఏ మాటలు వెదకుచు జనులు మన పుటకు వచ్చిరో చూచుట మాత్రము మేలు. వారు వెదకినది మనయొద్ద లేనిచో తరువాతి వ్యాసమునకు వస్తువు దొరికినట్లే.

ఆదాయమును గూర్చి ఆశలు పెట్టుకొనవలదు. అయితే ఎవరైనను సొమ్మిచ్చి తమ విత్తనములనో, మందులనో పొగడి వ్రాయుమన్నచో, సొమ్ము తీసికొంటినని అదే పుటలో స్పష్టముగా వ్రాయవలెను. భారత ప్రకటనల ప్రమాణముల మండలి 2021లో ఇట్టివారికై నియమములను ప్రకటించినది. నియమములు లేకున్నను, విత్తనము మొలువనప్పుడు నష్టపడువాడు మన పొరుగువాడే గదా.

ఇతరుల వ్రాతలను, ఛాయాచిత్రములను తీసి పెట్టుకొనుట నేడు తప్పుగా ఎంచబడుట లేదు, కాని తప్పే. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము గ్రంథకర్త జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును హక్కు ఉండును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1946లో స్వర్గస్థులైరి. వారి జీవితకాలమున ప్రకటింపబడిన గ్రంథములపై హక్కు 2006 చివరతో ముగిసినది. వానిని ఎవరైనను అచ్చువేయవచ్చును. నిన్నటి కవి పద్యమును అడుగక పెట్టరాదు. అడిగినచో కాదనువారు అరుదని నా అనుభవము.

జాగ్రత్తలు కొన్ని. ఫోనుతో తీసిన చిత్రములో ఆ స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములు కూడ దాగి యుండవచ్చును. ఇంటిలో తీసిన చిత్రములను పెట్టునపుడు దానిని తీసివేయుడు. పిల్లల ముఖములు, బడి పేరు, తీర్థయాత్రకు పోవు తేదీలు ఇవన్నియు ఊరందరికి చెప్పనక్కరలేదు. పాస్‌వర్డు ఒక్కదానిని అన్ని తలుపులకు వాడకుడు. రెండవ గొళ్లెముగా ఫోనుకు సంకేతము వచ్చు ఏర్పాటు పెట్టుకొని, ఆ సంకేతమును ఎవరడిగినను చెప్పకుడు. మరియొకటి పెద్దలకు ముఖ్యము. మనము పోయిన తరువాత ఈ తాళపుచెవులు ఎవరివి? రెండేండ్లు వాడని ఖాతాలను గూగుల్ సంస్థ 2023 డిసెంబరునుండి తొలగింప నారంభించినది. నేను ఒక కాగితముపై వివరములు వ్రాసి, కవరులో పెట్టి మా కోడలికిచ్చితిని. ఆమె దానిని బియ్యపు డబ్బాలో దాచినదట. మంచిచోటే!

ఇప్పుడు యంత్రములే వ్యాసములు వ్రాయుచున్నవి గదా, మనమేల వ్రాయవలెనని మొన్న నొక విద్యార్థి అడిగెను. అతని యెదుటనే ఆ యంత్రమును మన చెరువు కట్ట తెగిన కథ చెప్పుమంటిమి. చక్కని తెలుగున, తడుముకొనక, జరుగని కథ నొకదానిని చెప్పినది. నీరటి ఊసే లేదు. ఎవరును వ్రాసి పెట్టనిది దానికి మాత్ర మెట్లు తెలియును?

సవరణతోకూడిన చెరువు వ్యాసమును, నాయనమ్మగారి మాటలను క్రొత్త చిరునామాలో మరల ప్రకటించితిని. తప్పు ప్రతిని పెట్టిన రెండు చోట్లవారికిని వ్రాసితిని. ఒకరు దిద్దిరి, ఒకరు ఇంకను బదులీయలేదు. నెలకొకమారు మరల వ్రాయుచున్నాను. ఆ యువకుడు ఈ సభకు వచ్చియున్నాడు. వెనుక వరుసలో కూర్చున్నాడు.

కట్టలోని 31 వ్యాసములలో తొమ్మిదింటిని ఇంకను యంత్రములోనికి ఎక్కింపవలసి యున్నది. నా చూపు సరిపోవుట లేదు. రేపు సాయంకాలము నాలుగు గంటలనుండి గ్రంథాలయపు లోపలి గదిలో నేనుందును. తెలుగున టైపు చేయుట నేర్వగోరువారు రావచ్చును. కుర్చీలు ఆరే యున్నవి గాన ముందుగా గ్రంథపాలకులకు పేరిచ్చి రండు.